చెవి మిషన్లు పెట్టుకునే పాపను మామూలు బడిలో చేర్చవచ్చా?

మీ పాపకు ఆరేళ్లు, రెండు చెవులకూ మిషన్లు ఉన్నాయి, మాటలు బాగానే వచ్చాయి అన్నారు. మామూలు బడివాళ్లు "చేర్చుకుంటాం గానీ మా దగ్గర స్పెషల్ టీచర్ లేరు" అంటున్నారు, చుట్టాలేమో స్పెషల్ స్కూలే మేలంటున్నారు, ఏం చేయాలి అని మీ ప్రశ్న. మా అబ్బాయిదీ ఇదే కథ. ఇప్పుడు తొమ్మిదో తరగతి, మొదటి నుంచీ మామూలు బడే. నన్నడిగితే చేర్చండి. కాకపోతే అడ్మిషన్ దొరకగానే పని అయిపోయిందనుకోకండి, మేం అలాగే అనుకుని ఒక ఏడాది పోగొట్టుకున్నాం.

ఒకటో తరగతి టీచర్ చాలా మంచావిడ. మావాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టారు, ప్రేమగా చూసుకునేవారు. ఇంకేం కావాలి అనుకున్నాం. ఓ రోజు డిక్టేషన్ పుస్తకం తీసి చూస్తే 'మాట' ఉండాల్సిన చోట 'పాట', 'బడి' ఉండాల్సిన చోట 'మడి'. పక్కన ఎర్ర సిరాతో 'అజాగ్రత్త' అని రాసి ఉంది. నిజానికి ఆ క్లాసులో వాడంత జాగ్రత్తగా వినే పిల్లాడు ఇంకొకడు ఉండడు. మీరే ఒకసారి అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రానీయకుండా పాట, బాట, మాట అనండి. మూడుసార్లూ పెదవులు ఒకేలా కదులుతాయి. వినబడని చోట వాడు టీచర్ పెదవులు చూసి అందుకుంటున్నాడు, పాపం.

ఇంకోసారి క్లాసు బయట కిటికీ దగ్గర నిలబడ్డాను. టీచర్ ఏదో సరదాగా అన్నారు, పిల్లలంతా గొల్లున నవ్వారు. మావాడు పక్కవాడి మొహం చూసి, ఆ తర్వాత నవ్వాడు. ఏడాది పొడుగునా "క్లాసులో హ్యాపీగా ఉంటున్నాడండీ" అని ఆవిడ చెప్పింది ఆ నవ్వు చూసే.

మిషన్‌ను చాలామంది కళ్లజోడులాంటిది అనుకుంటారు, పెట్టుకుంటే సరిపోతుందని. కాదు. అది టీచర్ గొంతునే కాదు, ఫ్యాను చప్పుడు, బెంచీ జరిపిన కీచు, వెనక వరుస గుసగుసలు అన్నీ కలిపి పెంచుతుంది. మాట స్పష్టంగా అందేది ఒకటి రెండు మీటర్ల దూరం వరకే. పాఠం జరిగేటప్పుడు క్లాసులో ఇతర చప్పుళ్లు 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. పిల్లలతో నిండిన ఏ క్లాసైనా ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది.

అందుకే రెండో ఏడాది 'కాస్త చూసుకోండి' అనడం మానేశాను. ఆ మాటకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు. ఒకే ఒక్క కాగితం మీద ఏం కావాలో రాసి ఇచ్చాను. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడొద్దు, రాశాక ఇటు తిరిగి చెప్పండి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ మొహం నీడలో పడుతుంది, పెదవులు కనబడవు. "అర్థమైందా?" అని అడగొద్దు, వాడు దేనికైనా తలూపుతాడు. "ఏం చెప్పానో చెప్పు" అనండి. డిక్టేషన్‌లో విడి పదం కాకుండా ఒక వాక్యంలో పెట్టి చెప్పండి, అప్పుడు పాటో మాటో వాడికి తెలిసిపోతుంది. సీటు కూడా మార్పించాం. ముందు బెంచీలో కూర్చుంటే వెనక ఎవరు మాట్లాడుతున్నారో కనబడదు కదా. రెండో వరుసలో ఓ పక్కగా, బాగా వినబడే చెవి క్లాసు వైపు ఉండేలా కూర్చోబెట్టారు. వీటిలో ఒక్కదానికీ ఖర్చు లేదు.

ఖర్చయ్యేది రిమోట్ మైక్. ఎఫ్ఎం సిస్టమ్ అని కూడా అంటారు. టీచర్ మెడలో చిన్న మైక్ వేసుకుంటే ఆవిడ గొంతు నేరుగా మిషన్‌లోకి వస్తుంది, దూరంతో పనిలేదు. మీ ఆడియాలజిస్ట్‌ను, అంటే వినికిడి పరీక్షించి మిషన్లు అమర్చేవారిని అడగండి, మీ మిషన్లకు కుదిరితే ముందు దీనికే డబ్బు దాచండి. ఒక లోపం ఉంది, మిగతా పిల్లలు చెప్పే జవాబులు అందులో రావు. టీచర్ వాటిని మళ్లీ ఒకసారి అనాలి, లేదా మైక్ ఆ పిల్లలకు అందించాలి. ఇంటర్వెల్‌లో దాన్ని ఆపడం మర్చిపోతే స్టాఫ్‌రూమ్ కబుర్లన్నీ మన పిల్లల చెవిలో! రేపు స్లిప్ టెస్ట్ ఉందన్న సంగతి అలా ముందే తెలిసిపోయి, మావాడు వారం రోజులు క్లాసులో హీరో అయ్యాడు.

తోటిపిల్లల విషయంలో పెద్దగా కంగారు పడకండి. "చెవిలో అదేంటి?" అని అడుగుతారు, అడగనివ్వాలి. మిషన్ పనిచేస్తోందో లేదో పెద్దవాళ్లు విని చూడటానికి స్టెతస్కోప్‌లాంటి గొట్టం ఒకటి ఇస్తారు. రెండో తరగతి టీచర్ దాన్ని తెప్పించి పిల్లలందరికీ వినిపించారు. ఫ్యాను చప్పుడు అందులో హోరుమంటుంటే ఒక అమ్మాయి "రోజంతా ఇలాగేనా?" అందట. ఆటల్లో విజిల్‌తో పాటు చెయ్యి కూడా ఎత్తాలన్న రూల్ వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది నాలుగో తరగతి. ఆ టీచర్‌కు జాలి ఎక్కువ. ప్రశ్నలు అడగరు, తప్పులు దిద్దరు, పద్యం అప్పజెప్పమనరు. మార్కులు మాత్రం వేసేవారు. వాడికి ఆ ఏడాది బడంటేనే విసుగు పుట్టింది. తిట్టే టీచర్‌తో మాట్లాడి ఒప్పించవచ్చు గానీ, జాలిపడే మనిషికి తప్పు ఇదీ అని చెప్పడం చాలా కష్టం. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది. ఎవరేం అడిగినా వాడి బదులు నేనే జవాబు చెప్పేదాన్ని. "అమ్మా, నన్ను అడిగారు" అని ఓ రోజు వాడే అనాల్సి వచ్చింది.

ఇక 'స్పెషల్ టీచర్ లేరు' అన్న మాట. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 24వ అధికరణం చదువు గురించే. వైకల్యం పేరుతో పిల్లల్ని సాధారణ విద్యకు దూరం పెట్టకూడదని, వాళ్లకు కావాల్సిన ఏర్పాట్లు చేయాలని అందులో ఉంది. అంటే మీరు అడిగేది దయ కాదు. అలాగని ఆ కాగితం పట్టుకుని గొడవకు వెళ్లమనీ అనను. క్లాస్ టీచర్‌కు అన్నీ రానక్కర్లేదు. నెలకోసారి ఆడియాలజిస్ట్‌తోనో స్పీచ్ థెరపిస్ట్‌తోనో మాట్లాడే వీలుంటే చాలా వరకు నడుస్తుంది.

అదే అధికరణంలో సైన్ లాంగ్వేజ్ నేర్చుకునే వీలు కల్పించాలని కూడా ఉంది. మిషన్లతో మాట అందని పిల్లల్ని, సైగల తోడు లేకుండా మామూలు క్లాసులో కూర్చోబెట్టడం వాళ్లను ఒంటరిగా వదిలేయడమే. అలాంటప్పుడు సైన్ లాంగ్వేజ్‌లో చెప్పే బడి నిక్షేపంలాంటిది, అక్కడికి పంపడం ఓటమేమీ కాదు. మీ పాపకు మాట బాగా అందుతోందన్నారు కాబట్టే చేర్చండి అంటున్నాను.

బడి నుంచి వచ్చాక ఓ గంట ఏమీ అడక్కండి. రోజంతా చెవులు రిక్కించి వినడం వల్ల ఒళ్లు పులిసినంత అలసట ఉంటుంది. మావాడు రాగానే మిషన్లు తీసి పెట్టేసి పడుకునేవాడు, మేం దాన్ని మొండితనం అనుకున్నాం.

అన్నట్టు, స్పేర్ బ్యాటరీలు టీచర్ టేబుల్ సొరుగులో పెట్టించండి, మార్చడం పాపకే నేర్పండి. మావాడి మిషన్ ఒకసారి పొద్దున్నే ఆగిపోయింది. సాయంత్రం దాకా ఎవరికీ చెప్పకుండా తలూపుతూ కూర్చున్నాడు.