శారదకు, మొదటి రికార్డింగుకు ముందు

చిరంజీవి శారదకు ఆశీస్సులు.

రెండో భాష నేర్చుకోవడం మీద పీహెచ్‌డీ చేస్తున్నావని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. నువ్వు పంపిన ప్రణాళిక రెండుసార్లు చదివాను. అందులో ‘తప్పుల శాతం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ముందు దాని సంగతే రాస్తాను.

నేర్చుకునేవాళ్ల తప్పులు దిద్ది వదిలేసేవి కావని, లోపల ఏం జరుగుతోందో మనకు చూపించేవని భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లోనే రాశాడు. 1972లో లారీ సెలింకర్ ఆ లోపలి వ్యవస్థకు పేరు పెట్టాడు. మనం దాన్ని అంతరభాష అంటున్నాం. అది సొంత భాషా కాదు, నేర్చుకుంటున్న భాషా కాదు. దాని నియమాలు దానికున్నాయి. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పాప మొదట్లో విన్నది విన్నట్టు ‘కేమ్’ అంటుంది. కొన్నాళ్లు పోయాక ‘కమ్‌డ్’ అనడం మొదలుపెడుతుంది. నీ శాతం లెక్క ప్రకారం ఆ పాప వెనకబడింది. నిజానికి భూతకాలానికి ఒక నియమం ఉందని ఆమెకు తెలిసింది అప్పుడే! కాబట్టి తప్పులు ఎన్ని అని లెక్కపెట్టే ముందు, ఏ తప్పు ఎప్పుడు వచ్చింది, దానికి ముందు ఏమనేది, తర్వాత ఏమంది అని రాసుకో. పదిమందిని ఏడాది పాటు చూస్తే తెలిసేది వందమందిని ఒక్కరోజు చూస్తే తెలియదు. నీకున్న మూడేళ్లలో ఇది చెయ్యొచ్చు.

రెండోది, ఎవరితో పోలుస్తున్నావు? ఒకే భాష వచ్చినవాళ్లను కొలబద్దగా పెట్టుకున్నావు. ద్విభాషి అంటే ఒకే మనిషిలో ఉన్న ఇద్దరు ఏకభాషులు కాదని 1989లో ఫ్రాన్స్వా గ్రోజాన్ గట్టిగా చెప్పాడు. ఒక భాష ఇంట్లో, ఇంకోటి బడిలో వాడే మనిషికి ఇంటి మాటలు ఒక భాషలో, చదువు మాటలు ఇంకో భాషలో ఉంటాయి. ఒక్క భాషలోనే పరీక్ష పెట్టి ‘పదసంపద తక్కువ’ అని తేల్చేస్తే అన్యాయం.

ఎవరితో పోలుస్తామన్న దాన్ని బట్టి ఫలితం ఎంత మారుతుందో ఈ రంగం చరిత్రే చెబుతుంది. రెండు భాషలు పిల్లల తెలివిని మందగింపజేస్తాయని దశాబ్దాల పాటు నమ్మారు. 1962లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ మాంట్రియల్‌లో పదేళ్ల పిల్లల్ని కుటుంబ ఆర్థిక స్థాయి కూడా చూసుకుని పోల్చారు. తెలివి పరీక్షల్లో ద్విభాషా పిల్లలే ముందున్నారు. కానీ వాళ్లు తీసుకున్నది రెండు భాషలూ బాగా వచ్చిన పిల్లల్నే అన్న విమర్శా న్యాయమే. రెండు భాషలవాళ్లకు ఏకాగ్రత ఎక్కువని తర్వాత చాలా పరిశోధనలు అన్నాయి. పెద్ద సంఖ్యలో మనుషుల్ని తీసుకున్న కొన్ని అధ్యయనాల్లో ఆ తేడా కనిపించలేదు. నువ్వు ఏ పక్షమూ ముందే పట్టకు.

వయసు మీద అధ్యాయం వద్దంటాను. చిన్నప్పుడే ఒక భాష మొదలుపెట్టినవాళ్లు ఆ భాష మధ్య ఎక్కువ ఏళ్లు కూడా గడిపి ఉంటారు. ఆ రెంటినీ విడదీయడానికి 2018లో దాదాపు 6,70,000 మంది సమాధానాలు పోగెయ్యాల్సి వచ్చింది. ఒంటరిగా అయ్యే పని కాదు.

ఇక రికార్డింగులు. నా మొదటి ప్రాజెక్టులో నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకూడదు. మాటలు రాసుకునేటప్పుడు ‘అ... అదీ...’ లాంటి తడబాట్లు, మధ్యలో దొర్లిన ఇంకో భాష మాటలు చెత్త అనుకుని తీసేశాను. ఒక పాప బొమ్మ చూసి కథ చెబుతూ ఒక క్రియ దగ్గర ఆగి, మూడు సెకన్లు మౌనంగా ఉండి, ఆ క్రియను తన భాషలో అని, దానికి రెండో భాష ప్రత్యయం తగిలించి ముందుకెళ్లింది. నా కాగితంలో మిగిలింది ఒక అసంపూర్ణ వాక్యం. ఏడాది తర్వాత మళ్లీ టేపు వింటే అర్థమైంది, ఆ మూడు సెకన్లలోనే నా థీసిస్ ఉందని. విన్నది విన్నట్టు రాయి. ఒక్క నిమిషం మాటకు పది నిమిషాలు పట్టినా టెన్షన్ పడకు. ఈ పని ఇంకొకరికి అప్పగించకు.

సమ్మతి పత్రం పిల్లలకూ అర్థమయ్యే మాటల్లో ఉండాలి. ‘మీకు రెండో భాష వచ్చా?’ అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకు. ఏ భాష ఎప్పటి నుంచి, ఎవరితో, రోజులో ఎంతసేపు అని విడివిడిగా అడుగు.

చివరగా ఒకటి అడుగుతాను, కాదనకు. నువ్వూ ఒక కొత్త భాష మొదలుపెట్టు, డైరీ రాయి. భాషాశాస్త్రవేత్త రిచర్డ్ ష్మిట్ బ్రెజిల్‌లో ఐదు నెలలు పోర్చుగీసు నేర్చుకుంటూ డైరీ రాశాడు, తన సంభాషణలు రికార్డు చేయించుకున్నాడు. సిల్వియా ఫ్రోటాతో కలిసి 1986లో దాన్ని ప్రచురించాడు. చుట్టూ ఎప్పుడూ వినిపించే రూపాలు కూడా, తాను గమనించాకే తన నోట వచ్చాయని అందులో చూపించాడు. గమనింపు మీద ఆయన సిద్ధాంతానికి ఆ డైరీయే పునాది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం ఎలా ఉంటుందో నీకూ తెలిస్తే, ఎదుట కూర్చున్న పిల్లని తొందరపెట్టవు.

మొదటి రికార్డింగులో పది నిమిషాల భాగం, దిద్దకుండా రాసిన కాగితంతో పాటు నాకు పంపు. ఇద్దరం కలిసి విందాం.

నీ మేలు కోరే
మాస్టారు