తలపోటు, తలనొప్పి ఒకటేనా?

సందేహం: మా అమ్మమ్మ ఎప్పుడూ ‘తలపోటు’ అంటుంది. నేను తలనొప్పి అంటాను. డాక్టరుగారు మైగ్రేన్ అన్నారు. దాన్నే ఒకచోట పార్శ్వపునొప్పి అనీ, ఇంకోచోట పార్శ్వనొప్పి అనీ రాశారు. ఇవన్నీ ఒకటేనా? ఏది సరైన మాట?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

సమాధానం: చివరిది ముందు తెమిల్చేస్తాను. పార్శ్వము పక్కన నొప్పి చేరితే ‘ము’ పోయి ‘పు’ వస్తుంది, సరసపు మాట లాగే. అది కర్మధారయానికి చెప్పిన సూత్రం, ఇక్కడ కర్మధారయం ఎక్కడుందని బాలవ్యాకరణం పట్టుకుని ఎవరైనా వస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. నా చెవికి పార్శ్వపునొప్పే బాగుంది.

ఇక తలపోటు. అది తలనొప్పికి పల్లెటూరి రూపం అనుకున్నట్టున్నారు. కాదమ్మా. నొచ్చినదల్లా నొప్పే, తమిళుల నోయ్, కన్నడిగుల నోవు దాని చుట్టాలు. పోటు అలా అన్నిటికీ సరిపోయే మాట కాదు. పొడుచు నుంచి పోటు వచ్చింది. కత్తిపోటు, వెన్నుపోటు, గుండెపోటు ఆ ఇంటివే. అయితే పొడవడమంటే గుచ్చడమొక్కటే కాదు. పొద్దు పొడుస్తుంది, చుక్క పొడుస్తుంది. కనబడని చోటు నుంచి పైకి తోసుకురావడం కూడా పొడవడమే.

సముద్రానికీ పోటు ఉంది. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటికి చిన్నప్పుడు మా నాన్నగారు తీసుకెళ్లేవారు. ఒడ్డున ఇసుకలో ఒక గెడకర్ర పాతి, ‘చూస్తూండు’ అనేవారు. నీరు దాన్ని తాకి వెనక్కి పోయేది, మళ్లీ వచ్చేది, వచ్చినప్పుడల్లా తడి గీత వేలెడు పైకి జరిగేది. తలపోటులో ఉన్న పోటు ఇదేనని నా పట్టు. కణతల్లో నాడి కొట్టుకున్నట్టు ఎగసి, కాస్త తగ్గి, మళ్లీ ఎగసే నొప్పి. ‘తల పోటెత్తిపోతోంది’ అంటాం చూడండి, ఆ ఎత్తడం అలదే. కత్తి పోటు వేరు, సముద్రం పోటు వేరు అనే పండితులతో పోట్లాటకు దిగను (పోట్లాట కూడా పోటు బిడ్డే). తిరుమలలో లడ్డూలు తయారయ్యే పోటును మాత్రం ఈ గొడవలోకి లాగకండి, అది వంటశాల.

ఇప్పుడు మీ డాక్టరుగారి మాట. మైగ్రేన్ లక్షణాలు వైద్యులు చెప్పేవి చూడండి: కొట్టుకుంటున్నట్టు నొప్పి, మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు, కడుపులో తిప్పడం, వెలుతురూ చప్పుడూ పడకపోవడం. కొట్టుకునే నొప్పికి అమ్మమ్మ పోటు అనే అన్నారు మరి! గ్రీకువారి హెమిక్రేనియా, అంటే సగం పుర్రె, ఫ్రెంచివారి నోట్లో మొదటి అక్షరం ఊడి మైగ్రేన్ అయింది. ఆ హెమి, సగానికి సంస్కృతంలో ఉన్న ‘సామి’ ఒక తల్లి పిల్లలే. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుతంలో లెక్క పెట్టిన 11 శిరోరోగాల్లో అర్ధావభేదకం ఒకటి, సగం తలను చీల్చేది. పేరులో సగం ఉంది కదా అని రెండు పక్కలా నొప్పి వస్తే మైగ్రేన్ కాదనుకోకండి; అలా కూడా వస్తుంది.

ఆ 11లోనే సూర్యావర్తం ఉంది. పొద్దుతో మొదలై, మధ్యాహ్నానికి ముదిరి, పొద్దు వాలితే తగ్గుతుంది. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకే అరసవల్లి పక్కన ఉంటూ ఈ పేరు మనం మరిచిపోవడం బాగాలేదు. పొద్దుతో పాటు పొడిచే పోటు! ఒకే ధాతువు రెండు పనులూ చేసింది.

ఈ మధ్య ఒక అనువాదంలో ‘ఉద్రిక్తత తలనొప్పి’ చదివి, ఎక్కడో కర్ఫ్యూ పెట్టారనుకున్నాను. టెన్షన్ తలనొప్పి అంటే ఎవరికి అర్థం కాదు? తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టుంటే ‘తల పట్టేసింది’ అంటాం, అది ఇంకా మేలు. అదే అనువాదకుడు క్లస్టర్ తలనొప్పిని ‘గుచ్ఛ తలనొప్పి’ చేశాడు. ఒక కంటి చుట్టూ పొడిచి, ఆ కన్ను ఎర్రబడి నీరు కారి, 15 నిమిషాల నుంచి 3 గంటలు ఏడిపించి, కొన్ని వారాలు చాలాసార్లు అదే వేళకు వచ్చే నొప్పికి పూలగుత్తి పేరా? ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే తలనొప్పి ఇంకొకటి. దానికి పేరు వెతుకుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కాబట్టి తలనొప్పి దేనికైనా చెల్లుతుంది. తలపోటు కొట్టుకునే నొప్పికే ఉంచితే బాగుంటుందని నా అభిప్రాయం, శాసనం కాదు. నిఘంటువుల్లో రెంటినీ కలిపేసినవాళ్లూ ఉన్నారు. మైగ్రేన్‌కు పార్శ్వపునొప్పి స్థిరపడింది, కాదనను. నన్నడిగితే ‘ఒంటికణత నొప్పి’ అంటాను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టింది మన పర్వతాలపేటలోనే, ఆయన గడ్డ మీద ఆ మాత్రం చొరవ తప్పు కాదు.

అమ్మమ్మగారిని ఒకటి అడిగి రాయండి. తల ‘సలుపుతోంది’ అని ఆవిడ ఎప్పుడంటారు? మా ఇంట్లో సలుపు కురుపుకే వాడేవారు.