రాష్ట్రపతికి అర్జీ: తెలుగులో రాయవచ్చా, ఏం రాయాలి?

పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు పడింది, రెండేళ్లుగా దిద్దడం లేదు, రాష్ట్రపతికి తెలుగులో రాయవచ్చా అని అడిగారు. రాయవచ్చు. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణంలోనే ఉంది. రాని ఇంగ్లీషులో తడబడే కంటే స్పష్టమైన తెలుగు మేలు.

అయితే కలం పట్టే ముందు ఒకటి తెలుసుకోండి. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవాలని 74వ అధికరణం చెబుతోంది. అందువల్ల మీ అర్జీ మీద రాష్ట్రపతి నేరుగా ఉత్తర్వు ఇవ్వరు. రాష్ట్రపతి సచివాలయం దాన్ని సంబంధిత శాఖకు పంపుతుంది. భూమి రాష్ట్రాల విషయం కాబట్టి మీ కాగితం రాష్ట్ర ప్రభుత్వానికీ, అక్కణ్నుంచి కలెక్టరేటుకూ, చివరికి మళ్లీ మీ తహసీల్దారు దగ్గరికే రావచ్చు. కాబట్టి ఆ చివరి బల్ల దగ్గర కూర్చున్న గుమస్తాకు వెంటనే ఫైలు దొరికేలా రాయండి. చాలా ఉత్తరాలు ఇక్కడే దెబ్బతింటాయి. మూడు పేజీల ఆవేదన ఉంటుంది గానీ సర్వే నంబరు ఉండదు.

ఒక పేజీ చాలు. పైన తేదీ, మీ పేరు, పిన్‌కోడ్‌తో పూర్తి చిరునామా, ఫోన్ నంబరు రాయండి. 'గౌరవనీయులైన భారత రాష్ట్రపతి గారికి' అన్న సంబోధన సరిపోతుంది, 'మహామహిమ' అక్కర్లేదు. ఆ తర్వాత 'విషయం' అని ఒకే వాక్యం: ఫలానా గ్రామం, మండలం, సర్వే నంబరులో విస్తీర్ణం సవరణ గురించి. మొదటి పేరాలో రికార్డులో ఎంత ఉంది, ఎంత ఉండాలి, దానికి ఆధారమేమిటి. రెండో పేరాలో ఇంతకుముందు ఏ తేదీన ఎవరికి అర్జీ ఇచ్చారు, దాని నంబరేమిటి, వచ్చిన జవాబేమిటి. సోమవారం కలెక్టరేటులో ఇచ్చిన అర్జీ రసీదు ఉంటే ఆ నంబరు తప్పకుండా వేయండి. కింద ఎక్కడా అడగకుండా నేరుగా పైకి రాస్తే, ముందు అక్కడ అడగమన్న జవాబే రావచ్చు. చివరగా కోరిక ఒక్కటే ఉండాలి. 'న్యాయం చేయండి' అంటే ఎవరూ ఏమీ చేయలేరు. 'విస్తీర్ణం సవరించమని, లేదా కారణం రాతపూర్వకంగా తెలపమని ఆదేశించేలా చూడండి' అంటే ఏం చేయాలో వాళ్లకు స్పష్టంగా తెలుస్తుంది.

సంతకం మరవకండి. ఊరూ పేరూ లేని ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోరు. అసలు పత్రాలు ఎంత మాత్రం పంపొద్దు, జిరాక్సులు చాలు. ఆధార్ కాపీ పెట్టాల్సి వస్తే చివరి 4 అంకెలే కనిపించేలా మిగతావి మూసేయండి. కోర్టులో కేసు నడుస్తుంటే ఈ దారి పనికిరాదు.

చిరునామా: భారత రాష్ట్రపతి, రాష్ట్రపతి భవన్, న్యూఢిల్లీ - 110004. కవరు మీద ఇది మాత్రం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయండి, ఢిల్లీ పోస్టల్ సిబ్బంది చదవగలగాలి కదా. స్పీడ్ పోస్టులో పంపి రసీదును ఉత్తరం నకలుకు పిన్ చేసి దాచుకోండి. ఆన్‌లైన్‌లో పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉంది, అందులో రిజిస్ట్రేషన్ నంబరు వెంటనే వస్తుంది.

రెండు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే మళ్లీ అదే ఉత్తరం పంపకండి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో రాష్ట్రపతి సచివాలయానికే దరఖాస్తు చేయండి. 'ఫలానా తేదీ నాటి నా అర్జీని ఏ తేదీన, ఏ నంబరుతో, ఏ కార్యాలయానికి పంపారు?' అని మాత్రమే అడగండి. 'ఎందుకు పరిష్కరించలేదు' అని అడిగితే అది సమాచారం కాదని తోసిపుచ్చుతారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ పంపిన నంబరు చేతికొస్తే దాన్ని పట్టుకుని కలెక్టరేటులో అడగండి, కాగితం ఏ బల్ల మీద ఆగిందో తేలుతుంది.