పాఠకుల ప్రశ్న: పాత భవంతిని కర్బన తటస్థ హోటల్‌గా మార్చాలంటే?

ప్రశ్న: భూదాన్ పోచంపల్లిలో మాకు తాతల నాటి గూనపెంకుల భవంతి ఉంది. చీరల కోసం హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు సాయంత్రానికే వెళ్లిపోతున్నారు. ఇల్లు తీసేసి 10 గదుల హోటల్ కట్టి, పైన సోలార్ పెడితే కర్బన తటస్థం అవుతుందా? ఎన్ని కిలోవాట్లు కావాలి?
- ఒక పాఠకుడు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: కర్బన తటస్థం అంటే, మన వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్‌కు సరిపడా మరోచోట తగ్గించి లెక్క చెల్లగొట్టడం. ముందు, ఇల్లు తీసేయకండి. మామూలు సిమెంటు బస్తా ఒక్కటి తయారయ్యేసరికి సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అందులో సగానికి పైగా సున్నపురాయిలోంచే వచ్చేది కాబట్టి బొగ్గు మానేసినా అది ఆగదు. మీ మట్టిగోడలు నిలబడి ఉంటే వాటినే బాగుచేయించండి. వాటి మీద సిమెంటు పూత మాత్రం వద్దు. లోపలి చెమ్మ బయటికి రాలేక పూత వెనకాలే ఉప్పు పేరుకుంటుంది, రెండు మూడు వానాకాలాలకు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. గానుగలో ఆడించిన డంగు సున్నమే వాడండి.

ఇక కరెంటు. ఏసీలు, పంపు, ఫ్రిజ్ కలిపి రోజుకు సగటున 65 యూనిట్లు అనుకుంటే ఏడాదికి దాదాపు 24 వేల యూనిట్లు. వంటకు నెలకు నాలుగు 19 కిలోల సిలిండర్లయితే ఏడాదికి 2.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు కనుక, ఈ వంట లెక్క చెల్లాలంటే మరో 3,900 యూనిట్లు గ్రిడ్‌కు పంపాలి. దుమ్ము పోగా కిలోవాట్‌కు ఏడాదికి 1,400 యూనిట్లు వస్తాయి. అంటే 20 కిలోవాట్లు, నీడ పడని 1,500 నుంచి 2,000 చదరపు అడుగులు. సోలార్ పలకలు తుడవడానికి ఎక్కినా గూనపెంకు పగులుతుంది. కార్లు నిలిపే చోట ఇనుప చట్రం వేసి దాని మీద పెట్టండి. ఇళ్లకిచ్చే కేంద్ర సబ్సిడీ హోటల్‌కు రాదు, బడ్జెట్‌లో కలుపుకోవద్దు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టర్, కరెంటు పోగానే మిట్ట మధ్యాహ్నమైనా ఆగిపోతుంది. అప్పుడు జనరేటర్ వేస్తే లీటరు డీజిల్‌కు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ వరకైనా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోండి.

పాత ఏసీలు చవకని కొనకండి. ఏసీలో చల్లదనానికి వాడే ఆర్-410ఏ గ్యాసు కిలో కారితే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-32 అందులో మూడో వంతు, ఆర్-290 దాదాపు సున్నా.

వేడినీళ్లకు 20 మందికి 500 లీటర్ల సోలార్ హీటర్ చాలు. మన బోరునీళ్లతో గాజు గొట్టాల్లో తెల్లటి పొర కట్టి అడుగున పేరుకుంటుంది, నీళ్లు వేడెక్కడం తగ్గిపోతుంది. హీట్ ఎక్స్ఛేంజర్ (బోరునీళ్లు గొట్టాల్లోకి పోకుండా వేడిని మాత్రం అందించే భాగం) ఉన్నది తీసుకోండి, లేదా వాననీళ్లు పట్టండి: ఏడాదికి 700 మి.మీ. వాన పడితే వెయ్యి చదరపు అడుగుల కప్పు నుంచి దాదాపు 50 వేల లీటర్లు. నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తీయదు. తాగునీటి ఏర్పాటు వేరుగా చూడండి.

పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. అయినా మనిషి రాత్రి ఉంటేనే ఊరికి డబ్బు మిగులుతుంది. దుప్పట్లు ఊరి మగ్గాల మీదే నేయించండి. పొద్దున టిఫిన్ మీరు వండకుండా ఊళ్లోని హోటళ్లకు అప్పగిస్తే రెండు సిలిండర్లైనా తగ్గుతాయి, వాళ్లకు బేరమూ దొరుకుతుంది. ఆసు పోయడం (నూలును చట్రం మీద వరుసగా చుట్టడం), చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలుకు ముడులు కట్టడం) చూపించే నేతన్నకు ఆ పూట కూలి గది అద్దెలోంచే ఇవ్వండి. చూడటానికి వచ్చినవాళ్లంతా చీర కొనరు, మగ్గం ఆగిన నష్టం మాత్రం ఆయనదే.

అతిథుల కార్ల పెట్రోలు ఈ లెక్కలో లేదు. బోర్డు మీద ‘కర్బన తటస్థం’ అని రాస్తే, కింద ఏవేవి లెక్కలో కలిపారో కూడా రాయించండి.