మీ సందేహాలు: పలకల కింద లావా సముద్రం ఉందా?

ప్రశ్న: భూమి పైపొర పలకలుగా విడిపోయి, కింద ఉన్న లావా మీద పడవల్లా తేలుతున్నట్టు మా అబ్బాయి పాఠంలో బొమ్మ ఉంది. నిజంగా అంత లావా ఉందా?

జవాబు: లేదు. తప్పు ఆ బొమ్మది. పైపొర కింద 2,900 కి.మీ. లోతు దాకా ఉన్న మాంటిల్ దాదాపు అంతా గట్టి రాయే. భూకంపం వచ్చినప్పుడు పుట్టే ఎస్ తరంగాలు ద్రవంలో నడవలేవు. అవి మాంటిల్‌లోంచి ఇబ్బంది లేకుండా సాగిపోయి, దాని కిందున్న బాహ్య కేంద్రకం దగ్గర ఆగిపోతాయి. ద్రవంగా ఉన్నది అది. అందులో ఉన్నది ముఖ్యంగా కరిగిన ఇనుము, లావా కాదు.

మరి రాయి మీద రాయి ఎలా జరుగుతుంది? గట్టి తారుగడ్డను సుత్తితో కొడితే పెళుసుగా పగులుతుంది. అదే గడ్డను గరాటులో పెట్టి ఏళ్ల తరబడి వదిలేస్తే మెల్లగా సాగి కిందికి జారుతుంది. సుమారు 1,300 డిగ్రీల వేడిలో మాంటిల్ రాయి తీరూ ఇంతే, కాకపోతే ఇంకా చాలా నిదానం. ఇంకో మాట: పలక అంటే భూపటలం ఒక్కటే కాదు. దాని అడుగున అతుక్కుని ఉన్న చల్లటి మాంటిల్ పొర కూడా అందులో భాగమే. రెండూ కలిస్తే సుమారు 100 కి.మీ. మందం.

పలకను ఎక్కువగా లాగేది దాని బరువే. నడి సముద్రపు పర్వతశ్రేణి దగ్గర అప్పుడే పుట్టిన పలక వేడిగా, తేలిగ్గా ఉంటుంది. అక్కడ నీటి లోతు సుమారు 2.5 కి.మీ. దూరం జరిగేకొద్దీ పలక చల్లారి, బరువెక్కి కుంగుతుంది. లోతు 5-6 కి.మీ.కి చేరుతుంది. చివరికి కందకం (సముద్రపు అడుగున ఉండే లోతైన గాడి) దగ్గర ముక్కు వంచి మాంటిల్‌లోకి దిగుతూ, మంచం మీంచి జారే దుప్పటిలా వెనకున్నదాన్నీ లాక్కుపోతుంది. ఖండాల మీద 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు దొరుకుతున్నా, సముద్రపు అడుగున 20 కోట్ల ఏళ్లు దాటినవి దాదాపు కనిపించకపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: అలా దిగే పలక రాపిడికి కరిగి అగ్నిపర్వతాలు పుడతాయని చదివాను. మరి హిమాలయాల్లో అవి ఎందుకు లేవు?

జవాబు: అసలు కారణం రాపిడి కాదు, నీళ్లు. దిగే పలక చల్లటిది, మామూలుగా అది కరగదు. కానీ సముద్రంలో కోట్ల ఏళ్లు నానడం వల్ల దాని ఖనిజాల్లో నీరు చేరి ఉంటుంది. సుమారు 100 కి.మీ. లోతుకు వెళ్లేసరికి వేడికీ ఒత్తిడికీ ఆ నీరు బయటపడి, పైనున్న వేడి మాంటిల్‌లోకి ఎక్కుతుంది. పొడిగా ఉన్నంతసేపూ కరగని ఆ రాయి, నీరు తగలగానే అదే వేడికి కొంత కరుగుతుంది. రాయి కరిగే ఉష్ణోగ్రతను నీరు వందల డిగ్రీలు దించేస్తుంది మరి.

అందుకే అగ్నిపర్వతాల వరస కందకం ఒడ్డున ఉండదు, లోపలికి ఉంటుంది. పలక 30 డిగ్రీల వాలున దిగుతోందనుకోండి, 100 కి.మీ. లోతు చేరేసరికి అది అడ్డంగా సుమారు 170 కి.మీ. వెళ్లి ఉంటుంది. వాలు ఎక్కువైతే వరస దగ్గరికి వస్తుంది, తక్కువైతే దూరం జరుగుతుంది. పెరూ ఉత్తర, మధ్య భాగాల కింద పలక కొంత దిగాక దాదాపు అడ్డంగా పాకుతోంది. నీరు అందుకోవలసిన వేడి మాంటిల్ మధ్యలో మిగల్లేదు. అక్కడి ఆండీస్‌లో చురుకైన అగ్నిపర్వతమే లేదు.

ఇక హిమాలయాలు. అక్కడ ఢీకొన్నవి రెండు ఖండాలు. నీటి సాంద్రత 1 అనుకుంటే ఖండపు రాయిది దాదాపు 2.7, మాంటిల్‌ది 3.3. తేలికైనది మునగనని మొండికేస్తుంది; ముడతలు పడి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, భూపటలం సుమారు 70 కి.మీ. మందం తేలింది. తడిసిన సముద్రపు అడుగు ఇప్పుడక్కడ దిగడం లేదు. ఢీకొనక ముందు దిగేది. ఆనాటి అగ్నిపర్వతాల కింద గడ్డకట్టిన శిలాద్రవమే లద్దాఖ్ గ్రానైట్.

ప్రశ్న: ఆఫ్రికా రెండుగా చీలి, మధ్యలోకి త్వరలో సముద్రం వస్తుందట?

జవాబు: చీలుతున్న మాట నిజం, ఏటా కొన్ని మిల్లీమీటర్లు. త్వరలో అన్నదే అబద్ధం. లక్షల ఏళ్ల పని. అయితే ఆ చీలిక రోజూ సమానంగా జరగదు. 2005 సెప్టెంబరులో ఇథియోపియాలోని అఫార్‌లో దాదాపు 60 కి.మీ. పొడవున శిలాద్రవం పగుళ్లలోకి చొచ్చుకొచ్చి, కొద్ది వారాల్లోనే నేలను కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా ఎడం చేసింది.

ప్రశ్న: ప్రతి భూకంపానికీ ఎవరెస్టు ఎత్తు పెరుగుతుందా?

జవాబు: అంత సూటిగా లేదు లెక్క. భారత పలక ఏటా సుమారు 5 సెం.మీ. ఉత్తరంగా జరుగుతోంది. అందులో దాదాపు 2 సెం.మీ. హిమాలయాల దగ్గరే ఇముడుతుంది. కింద రెండు పలకల మధ్య ఉన్న పగులు బిగుసుకుని ఉన్నంతకాలం రాయి స్ప్రింగులా వంగి, శిఖరాలు మెల్లగా లేస్తాయి. పగులు జారితే ఆ వంపు విడిపోతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఖాట్మండు లోయ సుమారు ఒక మీటరు లేచింది. దానికి ఉత్తరాన ఉన్న పర్వతాలు మాత్రం కుంగాయి!

ప్రశ్న: పలక వేగాన్ని పరికరాలు లేకుండా నేను లెక్కకట్టగలనా?

జవాబు: హవాయి దీవులు తీసుకోండి. శిలాద్రవం పైకి తన్నే తావు ఇంచుమించు ఒకేచోట ఉంటుంది, పసిఫిక్ పలక దాని మీదుగా వాయవ్యానికి జరుగుతుంది. ఇప్పుడు రగిలే కిలవేయా అగ్నిపర్వతం నుంచి కవాయి దీవి నడిమికి మ్యాపులో దూరం కొలవండి: సుమారు 520 కి.మీ., అంటే 5 కోట్ల 20 లక్షల సెం.మీ. కవాయి పాత రాళ్ల వయసు దాదాపు 51 లక్షల ఏళ్లు. భాగిస్తే ఏడాదికి 10 సెం.మీ. చిల్లర.

లెక్క తప్పేది రెండుచోట్ల. దీవిని కట్టిన అసలు లావా వయసు తీసుకోవాలి. చాలాకాలం ఆగి మళ్లీ పొంగిన కుర్ర లావా వయసు వేస్తే వేగం అమాంతం పెరిగిపోతుంది. రెండోది, కొలిచే బిందువు. అగ్నిపర్వతం నడిమి నుంచి కాకుండా దీవి ఒడ్డు నుంచి కొలిస్తే 20-30 కి.మీ. తేడా రావచ్చు. దూరపు దీవి లెక్కలో అది పెద్దగా కనిపించదు, పక్క దీవితో చేస్తే జవాబే మారిపోతుంది.