అప్పన్న మొక్కు, అరిసెల డబ్బా

చిరంజీవి మేనల్లుడికి,

సీతమ్మధార నుంచి అత్తయ్య ఆశీర్వదించి రాయునది. నీవు పదిహేను కిలోలు తగ్గాలని సంకల్పించావనీ, వచ్చే ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ పూర్తిచేయాలనుకుంటున్నావనీ, అంతవరకు తీపి అన్నది నోట పెట్టనని ఉగాది నాడు అప్పన్నస్వామికి మొక్కుకున్నావనీ నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. మొదటి రెండు మాటలకు నా మనసు పొంగిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పిల్లవాడు 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడుస్తానంటే ఏ అత్తకు సంతోషం కలగదు? మూడో మాట విన్న తరువాత మాత్రం నాకు రాత్రి కంటిమీద కునుకు లేదు. ఫోనులో చెబితే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

పొద్దుటి నడక మానకు, రాత్రి భోజనం పెందలాడే ముగించు, ఏడు గంటలు నిద్రపో, కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచు, వారానికి అరకిలో తగ్గితే చాలుననుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. 1991లో వినాయక చవితి వెళ్లిన మర్నాడు నేనూ ఇదే మొక్కు మొక్కుకున్నాను. అప్పుడు నా బరువు 78 కిలోలు. బళ్లో రోజంతా నిలబడి పాఠాలు చెప్పేసరికి మోకాళ్లు పట్టేసేవి, బరువు తగ్గితే తప్ప లాభం లేదని డాక్టరు అన్నారు. ఏడాదిపాటు తీపి ముట్టనని కొండ మీదికి వెళ్లి మరీ చెప్పుకొని వచ్చాను. నిజంగానే ముట్టలేదు. దసరా బూరెలు, దీపావళి మిఠాయిలు, బళ్లో పిల్లలు పుట్టినరోజున పంచే చాక్లెట్లు అన్నీ పక్కకు నెట్టేశాను. అంతటితో ఆగక పొద్దున్న పలహారం కూడా మానేశాను. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. మీ మామయ్య కనిపించిన వారందరికీ ఆ మాట చెప్పి మురిసిపోయేవారు.

భోగి నాడు మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, అనకాపల్లి దగ్గర మన ఊరి నుంచి బస్సులో వచ్చింది. కొత్త బియ్యం దంచి, మన బెల్లంతోనే పాకం పట్టి అరిసెలు వండి, పెద్ద స్టీలు డబ్బాలో అడుగున కాగితం పరిచి పేర్చుకొని తెచ్చింది. ఇల్లంతా చుట్టాలు. అమ్మ ఒక అరిసె తీసి నా చేతికి ఇవ్వబోతే, మీ మామయ్య గర్వంగా, "నాలుగు నెలలుగా చక్కెర పలుకు ముట్టలేదండీ" అన్నారు. నేను తలూపాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ అరిసెను తిరిగి డబ్బాలో పెట్టి, మూత పెట్టేసింది. ఆ మూత మూసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ అర్ధరాత్రి లైటు వేయకుండా వంటింట్లోకి వెళ్లాను. గిన్నెలు కదలకుండా డబ్బా దించి, మూత ఊడదీసి, గోడకు ఆనుకొని నిలబడి తిన్నాను. మొదటి అరిసె రుచి తెలిసింది. తరువాతి వాటి రుచి తెలియలేదు. ఆరు వరకు లెక్క ఉంది, ఆపైన లేదు. పెదవుల నిండా నువ్వులు. అప్పుడు గుమ్మంలో మీ బావ నిలబడి ఉన్నాడు. వాడికి తొమ్మిదేళ్లు, మంచినీళ్ల కోసం లేచి వచ్చాడు. నేను చేతిలో ఉన్న సగం అరిసె వాడి చేతిలో పెట్టి, "నాన్నకు చెప్పకు" అన్నాను. వాడు తలూపి, నాలాగే గోడ వారన నిలబడి, నాలాగే గబగబా మింగేశాడు.

అరిసెలు తినడం నా తప్పు కాదు. వాడితో అన్న ఆ రెండు మాటలు నా తప్పు. ఉగాదికల్లా తగ్గిన తొమ్మిదికి మరో మూడు కిలోలు కలిసి తిరిగి వచ్చాయి, వాటి సంగతి వదిలెయ్. రెండేళ్ల తరువాత ఒకనాడు వాడి జామెట్రీ బాక్సు తెరిస్తే వృత్తలేఖినికి జీళ్లు అతుక్కుపోయి ఉన్నాయి. మా ఇంట్లో వాడిని తీపి తినవద్దన్నవారు లేరు, అయినా దాచుకొని తినాలని వాడికి నేనే నేర్పాను. ఇప్పుడు వాడికి నలభై దాటాయి. ఆఫీసు నుంచి వస్తూ మిఠాయి కొని, అపార్ట్‌మెంటు సెల్లారులో కారులోనే కూర్చొని తినేసి, మూతి తుడుచుకొని పైకి వెళతానని పోయిన ఏడాది నాతో చెప్పాడు. డాక్టరు షుగరు మొదలైందన్న రోజున చెప్పాడు. వాడి అనుమతి తీసుకునే ఇది నీకు రాస్తున్నాను.

అందుకే నాయనా, తీపి మానేయకు, లెక్కలో పెట్టుకో. నీవు రోజుకు నాలుగు టీలు తాగుతావు, కప్పుకు రెండు చెంచాల పంచదార. చెంచాకు నాలుగు గ్రాములు వేసుకున్నా 32 గ్రాములు. రోజుకు రెండు వేల కేలరీలు తినేవారికి ఇలా విడిగా కలిపే చక్కెర 50 గ్రాములు మించకూడదనీ, 25 గ్రాములకు దించితే మరింత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే పండగ రాకముందే, ఏ రుచీ గుర్తు లేకుండా, నీ వాటా టీ గ్లాసులోనే కరిగిపోతున్నది. టీలో పంచదార నెమ్మదిగా తగ్గిస్తూ రా; నెల తిరిగేసరికి నాలుకకు అలవాటవుతుంది. అలా మిగిలినదాన్ని నీకు నిజంగా ఇష్టమైన దానికి ఖర్చుపెట్టు.

పంచదార బదులు బెల్లం తింటే బరువు పెరగరని ఎవరైనా చెబితే నమ్మకు. బెల్లం ఇంట్లో పుట్టినదాన్ని చెబుతున్నాను. చిన్నప్పుడు బెల్లం వండే రోజుల్లో పెనం చుట్టూ చేరి, చెరకు ముక్కతో వేడి పాకం తీసుకొని, ఊదుకుంటూ నాకేవాళ్లం. ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. అయినా నిజం నిజమే. నూరు గ్రాముల పంచదారలో సుమారు 400 కేలరీలుంటే బెల్లంలో 380 వరకు ఉంటాయి. మీ తాతయ్య బెల్లమే కదా అని రాత్రి అన్నం తిన్నాక రోజూ గడ్డ చప్పరించేవారు. పొలం పనులు చేసినన్నాళ్లు సాగింది, మంచాన కూర్చున్నాక సాగలేదు. షుగరు వల్ల పాదం మొద్దుబారి, గుచ్చుకున్న ముల్లు తెలియక, చివరికి కాలి వేలు తీసేశారు. నీది ఆ రక్తమే. 32 కిలోమీటర్లు చాలామందిలా చెప్పులు లేకుండా నడుద్దామనుకుంటున్నావేమో, నడకకు ముందు మూడు నెలల సగటు చక్కెర చూపే రక్తపరీక్ష చేయించుకో. ఈ ఒక్క విషయంలో నీ మాట వినను.

తినే పద్ధతి గురించి కూడా చెబుతాను. మాడుగుల హల్వా నీకు ప్రాణం కదా. కిలో పెట్టె తేకు, పావుకిలో తీసుకో. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నేతిలో గంటల తరబడి కలియబెట్టి చేసిన పదార్థం అది. టీవీ చూస్తూ మింగవలసినది కాదు. రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి ప్లేటులో పెట్టుకొని, మిగతాది ఇంట్లో వాళ్లకు పంచి, మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చొని తిను. కడుపు నిండి ఉంటుంది కనుక ఒక ముక్కతో తృప్తి కలుగుతుంది, చక్కెర కూడా రక్తంలోకి ఒక్కసారిగా ఎగబాకదు. గంటసేపు నడిస్తే ఖర్చయ్యేది ఏ 250 కేలరీలో, 300 కేలరీలో. నడిచానన్న ధీమాతో బీచి రోడ్డు నుంచి నేరుగా మిఠాయి కొట్టుకు వెళితే ఆ నడక అక్కడే చెల్లిపోతుంది. ఎండాకాలం వస్తున్నది, తాటి ముంజలు హాయిగా తిను. మామిడిపండును రసం తీయకుండా ముక్కలుగా తిను.

ఇక మొక్కు సంగతి. అక్షయ తృతీయకు చందనోత్సవం వస్తున్నది. కొండ మీద లడ్డూ ప్రసాదం చేతిలో పెడితే ఏం చేస్తావు? కాదని తిరగ్గొడతావా, జేబులో దాచి ఇంటికొచ్చాక తలుపు వేసుకొని తింటావా? స్వామి దగ్గరికి వెళ్లి మొక్కు మార్చుకో. ఒంటరిగా, నిలబడి, ఎవరికీ తెలియకుండా తీపి తిననని మొక్కుకో. అది కష్టమైన మొక్కే. ఇంట్లో నీ వెనక తిరుగుతున్న చిన్నది నీ చేతుల వైపే చూస్తూ ఉంటుంది, అందుకని ఆ మొక్కు నీకు మరీ అవసరం. ప్రదక్షిణ రోజున కూడా ఉపవాసం పెట్టుకొని నడవకు. అరటిపండు, మజ్జిగ, అవసరమైతే బెల్లం ముక్క తీసుకుంటూ నడువు.

శనివారం మీ అమ్మనూ, కోడలినీ, పిల్లనూ తీసుకొని భోజనానికి రా. సున్నుండలు చేస్తున్నాను, చిన్నవి, మనిషికి ఒకటి. మీ బావకు కూడా చెప్పాను, వస్తానన్నాడు. అందరం ఒకచోట కూర్చొని తిందాం. ఆ రక్తపరీక్ష కాగితం మాత్రం మరచిపోకుండా వెంట తీసుకొని రా.

ఇట్లు,
మీ అత్తయ్య