దీనారం ఎవరి మాట?

సందేహం: పాత కథల్లో 'వెయ్యి దీనారాలు బహుమానం' అని చదువుతుంటాం. కువైట్‌లో మా తమ్ముడి జీతం కూడా దీనారాల్లోనే కాబట్టి ఇది అరబ్బీ అనుకున్నాను. మా మాస్టారు మాత్రం సంస్కృతమే, అమరకోశంలో ఉంది అంటున్నారు. ఏది నిజం?

సమాధానం: అమరకోశంలో ఉన్న సంగతి నిజమే, 'నిష్కం' అనే మాటకున్న అర్థాల్లో దీనారం ఒకటి. అయితే నిఘంటువుకెక్కినంత మాత్రాన పుట్టిల్లు అదే కాదండీ. దీని పుట్టిల్లు రోమ్.

లాటిన్‌లో 'దేనారియుస్'. క్రీ.పూ. 211 ప్రాంతంలో రోమన్లు మొదలుపెట్టిన వెండి నాణెం, పది 'ఆస్' కంచు నాణేలకు ఇది ఒకటి. తొలినాటి నాణెం చూస్తే రోమా దేవత తల వెనక రోమన్ అంకె పది, మన ఇంటూ మార్కులా, స్పష్టంగా కనబడుతుంది. తర్వాత విలువ 16 ఆస్‌లకు మారింది కానీ పేరు మారలేదు.

ఈ దేనారియుస్ వచ్చింది 'దేనీ' నుంచి. 'పిల్లలకు పదేసి రూపాయలిచ్చాడు' అంటామే, సరిగ్గా ఆ 'పదేసి'! లాటిన్ మాటకు ఇంత అచ్చంగా సరిపోయే తెలుగు మాట దొరకడం నాకు భలే సంతోషం. దేనీకి మూలం 'దెకెమ్', అంటే పది. సంస్కృతం 'దశ', గ్రీకు 'దెక' దీని తోబుట్టువులే, అంతేగానీ దశ నుంచి దెకెమ్ పుట్టిందనడం పొరపాటు, ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలు. మన 'పది' మాత్రం ద్రావిడం, కన్నడ హత్తు, తమిళ పత్తు దాని చుట్టాలు.

మరి 'దే' కాస్తా 'దీ' ఎందుకైంది? గ్రీకులు దీన్ని 'దేనారియొన్' అన్నారు, వాళ్ల నోట ఆ ఏత్వం పోనుపోను 'ఈ' అయింది, మనదాకా వచ్చింది ఆ పలుకుబడే. క్రీ.శ. 3వ శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో, ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక మహాచైత్యానికి 170 'దీనారి మాషకాలు' ఇచ్చినట్టు ఉంది. అరబ్బులు సొంత దీనారం ముద్రించింది 7వ శతాబ్దం చివర్లో, అంటే కృష్ణ ఒడ్డున ఈ మాట రాతికెక్కిన నాలుగు వందల ఏళ్లకు. కాబట్టి మనకిది అరబ్బీ నుంచి వచ్చే వీలే లేదు.

సంస్కృత వ్యాకరణంలో మాటల పుట్టుక చెప్పే ఉణాది సూత్రాల్లో దీన్ని 'దీ' ధాతువు నుంచి సాధించారు, మీ మాస్టారు బహుశా దాన్ని బట్టే అని ఉంటారు. వచ్చి స్థిరపడ్డ మాటకు తర్వాత కట్టిన వ్యుత్పత్తి అది.

రాసేటప్పుడు మాత్రం పాత నాణేన్ని దీనారం అనండి, మీ తమ్ముడి జీతాన్ని అక్కడి మనవాళ్లు అన్నట్టే దినార్లు అనండి.